ఊపిరి ఉండగానే

“శవాల మీద పేలాలు ఏరుకుని బతుకుతావా?” అంటూ నతానియేల్ చొక్కా పట్టుకున్నాడు డేవిడ్.

బెంగుళూరు మారతహళ్ళి ఆసుపత్రి వెనక, తన అంబులెన్సు పక్కన నిలబడి టీ తాగుతున్నాడు నతానియేల్. గ్లాసు ఒలికి చెయ్యి కాలింది.

“ఏమైందప్పా? చొక్కా ఇడువు ముందు.”

“‘షాలోం’ నువ్వే కదూ?”

“అది నా బండి పేరు. ఎదురుగానే రాసుండాది కదా.”

“నా వెబ్‌సైట్లో ఆ పేరుతో చేరిందీ నువ్వే!”

“వెబ్‌సైటా? నాకు ఫోన్లో మెసేజి కొట్టేదే రాదప్పా. శాంతి కలగాలనే ఆ మాట ఎంతమంది గుమ్మాల మీద లేదు? మీ ఇంటి మీద లేదా?”

డేవిడ్ వినిపించుకోలేదు. విసవిసా సూపరింటెండెంటు గదికి నడిచాడు.

డేవిడ్ దుకాణం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లో ఇంటి ముందుగదే. ఒక కంప్యూటరు, పూలు వాడిపోకుండా పెట్టుకునే పాత ఫ్రిజ్జు, అంతే. ఎవరైనా పోతే బంధువులు అతని సైటులో ఆర్డరు పెడతారు. పెద్ద పూలదండ, దాని రిబ్బను మీద పోయినవారి పేరు, ఫొటోకి ఫ్రేము అన్నీ డేవిడ్ సిద్ధం చేయించి ఇంటికి పంపుతాడు. సమయానికి రాలేని దూరపువాళ్ళకి సాయమని మొదలుపెట్టాడు. ఆర్కుట్‌లో ఎంత ప్రచారం చేసుకున్నా బేరాలు అంతంతమాత్రమే.

సైటు తయారుచేసిన అశోక్‌కుమార్ ఒక ఉపాయం చెప్పాడు.

“అఫిలియేట్ ప్రోగ్రామ్ పెట్టు డేవిడ్. చేరినవాళ్ళు తలా ఒక కోడ్ ఎంచుకుంటారు. కస్టమరు ఆర్డరుతోపాటు ఆ కోడ్ కొడితే వాడికి తగ్గింపు, పంపినవాళ్ళకి కమీషను. నీ తరఫున ఊరంతా తిరిగి చెప్తారు చూడు.”

చర్చి పత్రికలవాళ్ళు, బ్లాగులు రాసేవాళ్ళు చేరతారని డేవిడ్ ఆశపడ్డాడు. చేరింది కొద్దిమందే. అయితే ‘షాలోం’ అన్న కోడ్ మీద ఆర్డర్లు వరసకట్టాయి. డేవిడ్ మొదట్లో మురిసిపోయాడు. ఒకాయన దండ అందుకుంటూ అన్న మాట ఆ మురిపెం పోగొట్టింది.

“మా ఆవిడకింకా ఊపిరి ఉండగానే మా బావమరిది చేతిలో మీ సైటు పేరు రాసిన చీటీ ఉంది సార్. మారతహళ్ళి ఆసుపత్రి ఐసీయూ బయట ఎవరో ఇచ్చారట.”

డేవిడ్‌కి ఆనాటి నుంచి లిల్లీపూల వాసన వస్తే చాలు, వెగటు. అన్నం ముందు కూర్చుంటే వేళ్ళ నిండా అదే వాసన. ముద్ద దిగేది కాదు. పైగా ఆ షాలోం ఇంతవరకూ కమీషను అడగనే లేదు. గద్దలా కాచుకుని ఉన్నాడు, ఒక్కసారే తన్నుకుపోతాడనుకున్నాడు డేవిడ్.

“ఆ కోడ్ తీసేస్తే?” అని అశోక్‌ని అడిగాడు.

“ఇంకో పేరుతో వస్తాడు. మనిషిని పట్టుకో.”

ఆసుపత్రి గేటు దగ్గర షాలోం అని రాసున్న అంబులెన్సు కనపడగానే మనిషి దొరికాడనుకున్నాడు.

గొడవకి వెళ్ళొద్దని వారించింది తల్లి సుశీలమ్మ ఒక్కతే. నర్సుగా రిటైరైనా ఆవిడ ఆ ఆసుపత్రిని వదల్లేదు. రోజూ పొద్దున్నే బైబిలు పట్టుకెళ్ళి రోగుల మంచాల పక్కన మోకరించి వస్తుంది. ఆ పూట మస్కట్‌లో ఉన్న కూతురికి ఈ-మెయిల్ కొడుతోంది. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది.

“పోనీలే నాయనా. తీర్పు తీర్చడానికి మనమెవరం?”

“నీకు అసహ్యం వెయ్యట్లేదా అమ్మా? ప్రాణం పోకముందే దండకి బేరమా!”

“చావు మన చేతిలో లేదు. నీ దుకాణం నిలబడాలని రోజూ ప్రార్థిస్తున్నా, నువ్వు అది చూసుకో.”

ఈ మెతకతనం వల్లే లోకం ఇలా తయారైందనుకున్నాడు డేవిడ్.

అతని ఫిర్యాదుతో నతానియేల్ బండిని ఆసుపత్రి ఆవరణలోకి రానివ్వడం మానేశారు. కొన్నాళ్ళకి నతానియేల్ ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు.

“ఆ బండే నాకు కూడు అప్పా. తప్పు చెయ్యలేదు నేను. వాళ్ళకి ఒక్క మాట చెప్పు.”

“నిన్ను చూస్తేనే వాంతొస్తోంది. గుమ్మం దిగు.”

సుశీలమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నతానియేల్ చేతికిచ్చింది. ఆవిడ అతని వంక చూడలేక మొహం తిప్పుకోవడం చూసి, అమ్మది ఎంత జాలిగుండె అనుకున్నాడు డేవిడ్.

ఒక సోమవారం ఉదయం కొత్త ఆర్డరు వచ్చింది. రిబ్బను మీద రాయవలసిన మాటలు చదివి డేవిడ్ కుర్చీలో కూలబడ్డాడు. ‘ప్రభువునందు నిద్రించిన డానియల్ మాస్టారికి.’ చిన్నప్పుడు సండే స్కూల్లో తనకి పాటలు నేర్పిన మాస్టారు! కళ్ళు తుడుచుకుని కిందికి చూశాడు. కోడ్: షాలోం.

నతానియేల్ ఆసుపత్రి గేటు దాటి ఎన్నో రోజులైంది. మరి ఈ షాలోం ఎవరు?

మాస్టారి కూతురు జెస్సికాకి ఫోను చేశాడు.

“జెస్సికా, మాస్టారు ఎప్పుడు...”

“ఇప్పుడే ఇడ్లీ తిన్నారన్నా. డాక్టరుగారు కూడా పర్లేదన్నారు. ఎందుకు?”

డేవిడ్ మళ్ళీ తెర వంక చూశాడు. “మరి ఈ ఆర్డరు?”



“సారీ అన్నా, కేన్సిల్ చేద్దామనే అనుకుంటున్నా. నిన్న బాగా సీరియస్‌గా ఉండింది. రాత్రి దాటదు, అప్పటికప్పుడంటే పూలు దొరకవు, ముందే చెప్పి ఉంచుకోమన్నారు. ఆ కోడ్ కూడా చీటీ మీద రాసిచ్చారు.”

“ఎవరు? ఆసుపత్రి వాళ్ళా?”

“అయ్యో, మీకు తెలుసనుకున్నానే! నాన్న కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసి, లేచి వెళ్తూ ఇచ్చారు.”

“ఎవరు జెస్సికా?”

“మీ అమ్మగారే అన్నా.”