అవతలి కొన

“ఈ దిక్కుమాలిన తీగలతో వేగలేకపోతున్నానక్కా. రేపు గైడుకి ఏ మొహం చూపించను?” అంటూ ఫోను పెట్టేసింది పరిశోధకురాలు. అర్ధరాత్రి ల్యాబులో ఇంకెవరూ లేరు.

నానోతీగలు పరిచిన బిళ్లకి ఒక కొన వెచ్చగా, రెండోది చల్లగా ఉంటేనే కరెంటు పుడుతుంది. హీటరు ఆపేసి, అలవాటుగా తన వైపు కొన మీద వేలు ఆనించింది. బిళ్లకి తగిలించిన మీటరు ముల్లు కుడివైపు లేచింది. అంతలోనే సున్నాకి పడిపోయింది.

“వేడి మళ్ళీ అవతలికి పారిపోయి రెండు కొనలూ సమానమైపోయాయి. నా ఖర్మ!”

విసురుగా వేలు తీసేసింది. ముల్లు ఎడమవైపు వాలింది. అంటే, అవతలి కొనే ఎక్కువ వెచ్చగా ఉంది. అవతల ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు.

ఆమె రెండు చేతులూ ఒళ్లోకి లాక్కుంది. ఎవరో వేలు ఎత్తేసినట్టు ముల్లు మెల్లగా సున్నాకి వచ్చింది.

కాసేపాగి, మళ్ళీ కుడివైపు లేచింది, ఆమె తన వైపు కొన మీద వేలు పెట్టినప్పటిలాగే.