యాభయ్యో సంతకం

టీచరమ్మ ఆ రోజు పొద్దున్నే కాళ్లరిగేలా తిరగడం మొదలుపెట్టింది.

సాయంత్రం అయిదింటిలోగా యాభై సంతకాలు విద్యాశాఖ ఆఫీసులో పడకపోతే ఆమె బడి మూతపడుతుంది.

ఆ ఊళ్లో వాళ్ల సొంత భాషలో పాఠం చెప్పే బడి అదొక్కటే. బడి ఉండాలంటే ఆ భాష చదవడం, రాయడం వచ్చిన పెద్దవాళ్లు యాభై మంది, ఆ లిపిలోనే సంతకం పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

మాట్లాడేవాళ్లకేం, వీధినిండా ఉన్నారు. రాయడం దగ్గరే వచ్చింది చిక్కంతా. ఒకప్పుడు పాతికేళ్లపాటు ఆ భాషను బళ్లలోంచి గెంటేశారు. పుస్తకం దొరికితే జైలే. అప్పటి పిల్లలే ఇప్పటి పెద్దలు. గలగలా మాట్లాడతారు గానీ అక్షరం ముక్క రాదు.

మొదటి ఇంట్లోనే ఎదురుదెబ్బ తగిలింది.

"మావాడు సర్కారు ఉద్యోగంలో ఉన్నాడమ్మా. రేపెవరైనా ఆరా తీస్తే?" అన్నాడు దర్జీ.

"మీవాడికి అక్షరాలు దిద్దించింది నేనే కదా బాబాయ్!"

"ఆ సంగతి కూడా ఎక్కడా అనకు తల్లీ, పుణ్యముంటుంది" అని తలుపు వేసేసుకున్నాడు.

టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది. అయినా పక్కింటి తలుపు తట్టింది.

రెండో వీధిలో మంచం పట్టిన ముసలమ్మ పెన్ను అడిగి మరీ తీసుకుంది. పేరు రాయడానికి పది నిమిషాలు పట్టింది.

"చెయ్యి వణికి అక్షరాలు వంకర్లు పోయాయే. చెల్లుతుందంటావా?"

"చెల్లక చస్తుందా పిన్నీ? నేనుండగా!"

నాలుగింటికి చూసుకుంటే నలభై తొమ్మిది.

సరిగ్గా అప్పుడే వీధి చివరి గదిలోంచి గొడుగులాయన పలకరించాడు. మూడు నెలల కిందట అద్దెకు దిగిన పెద్దాయన. పాత గొడుగులు బాగుచేస్తాడు. వీళ్ల మనిషి కాదు, సర్కారు నడిపే పెద్ద భాషవాళ్ల మనిషి. అందుకే ఆ వీధిలో ఎవరూ ఆయనతో పనికి మించి మాట్లాడరు. ఎవరే భాషలో పలకరిస్తే ఆ భాషలోనే బదులివ్వడం ఆయనకు అలవాటు. అందరూ పెద్ద భాషలోనే పలకరించేవారు, టీచరమ్మతో సహా.

"ఇంకా ఎన్ని కావాలమ్మా?" అన్నాడు ఇప్పుడూ ఆ పెద్ద భాషలోనే, విరిగిన గొడుగు ఊచను సరిచేస్తూ.

"ఒక్కటి."

"నేను పెట్టనా?"

టీచరమ్మకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"ఇది మా భాష వచ్చినవాళ్లు పెట్టాలండీ."

"నాకూ వచ్చమ్మా."

"బజార్లో నాలుగు ముక్కలు మాట్లాడటం కాదు, రాయాలి. పైగా మీ పేరు కనిపిస్తే చాలు, దొంగ సంతకాలని మొత్తం కాగితం చింపి పారేస్తారు. మిగతావాళ్ల కష్టమంతా గంగపాలు."

"ఉత్తర్వులో అలాంటిదేం లేదు తల్లీ. చదవడం, రాయడం వస్తే చాలన్నారు."

"ఉత్తర్వుల గురించి మాకు చెప్పకండి. అవన్నీ మీవాళ్లు రాసినవేగా!"

అనేశాక ఆమెకే చురుక్కుమంది. పెద్దాయన తల వంచి మళ్లీ ఊచ అందుకున్నాడు.

"వెళ్లిరా అమ్మా, టైమైపోతోంది" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ఆరిళ్లు తిరిగింది. ఒకరు ఊళ్లో లేరు, ఒకరికి కళ్లు కనిపించవు, మిగతావాళ్లకు ధైర్యం లేదు.

ఆఫీసు చేరేసరికి అయిదుకు అయిదు నిమిషాలు.

తల నెరిసిన గుమాస్తా కాగితాలు తీసుకుని సంతకాల మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా వెళ్లాడు. ఎవరి కోసమో వెతుకుతున్నట్టు మళ్లీ మొదటినుంచీ చూశాడు.

"ఒకటి తక్కువైందమ్మా."

"తెలుసు. మా దగ్గరున్నది ఇంతే."

అయిదయింది. గుమాస్తా నిట్టూర్చి తిరస్కరించినట్టు ముద్ర కొట్టాడు.

ఏడిస్తే అలుసైపోతానని టీచరమ్మ పంటిబిగువున నిలబడింది.

"బడికి తాళం వేసుకోండి. రేపట్నుంచి మా ఇంటి ముందుగదిలో చెబుతాను. నా ఇంట్లో నా భాష మాట్లాడటానికి ఎవడి ఉత్తర్వు కావాలండీ?"

"మరి పుస్తకాలు? బడితో పాటు అవీ పట్టుకుపోతారు."

"వాచకం ఒకటి మా అమ్మ దిండులో కుట్టి దాచింది. నిషేధం రోజుల్లో దొంగచాటుగా అచ్చయింది. పాపం, రాసిన మహానుభావుడెవరో పేరైనా వేసుకోలేదు. మేమంతా దాంతోనే నేర్చుకున్నాం. అదొక్కటి చాలు, మళ్లీ మొదలెడతాను."

గుమాస్తా కళ్లజోడు తీసి ఆమె వంక విచిత్రంగా చూశాడు.

"అదేంటమ్మా, ఆయనెవరో మీకు తెలీదా? ఆయన మీద పెట్టిన కేసు ఫైలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. పరాయి భాషకు పుస్తకం రాశాడని సొంతవాళ్లే గడప తొక్కనివ్వలేదు. మొన్నామధ్య వచ్చి మీ బడి ఎక్కడుందని అడిగితే అడ్రసు నేనే రాసిచ్చాను. ఆ సంతకం కోసమే ఇందాకట్నుంచీ వెతుకుతున్నాను."

"ఎవరండీ ఆయన?" అంది టీచరమ్మ.

"ఆ వాచకం రాసి ఏడేళ్లు జైల్లో మగ్గింది మీ వీధి చివర గొడుగులు బాగుచేసే పెద్దాయనే కదమ్మా!"