కొమురెల్లి వీపు

గోదావరి పొంగి రేవు గుడిసెలను ఊడ్చుకుపోయిన ఏడు అది. బొగ్గు బాయిలో నేనూ కొమురెల్లీ జోడీగా గని పట్టాల మీది టబ్బుల్లో బొగ్గు నింపేవాళ్లం. అతని భార్య లస్మవ్వ చనిపోయి నెల దాటింది. ఆ పొద్దున రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోతుంటే, పంపు దగ్గర అంగీ మీదనే నీళ్లు పోసుకుంటూ కనిపించాడు.

"అంగి ఇప్పవేందిరా? కొత్త కోడలివా?" అన్నాను.

"నువ్వు ఇంటికి పో, రజాకన్న."

నేనే అంగీ పైకి లాగాను. చేతులు అందినంత మేర వీపు శుభ్రంగా ఉంది. వెన్ను నడుమ మాత్రం బొగ్గు అట్టకట్టి, గోకిన చోటల్లా పుండు పడింది.

"ఇన్నొద్దులు ఎవలు రుద్దుతుండె?"

"లస్మవ్వనే. నా చెయ్యి అందుతలేదు."

"నాకు చెప్తే ఏమాయె?"

"మొగోడు మొగోన్ని గిది ఎట్ల అడుగుతడే?"

నేను పీచు తీసుకుని మెల్లగా రుద్దాను. కాసేపటికి అతని భుజాలు కదిలాయి.

"మంటనారా?"

"కాదు. ఆపకు."

ఆపలేదు.

మర్నాడు పొద్దున షిఫ్టు దిగాక, ఇంట్లో నా భార్య సర్వరీ నీళ్లు కాచి ఉంచుతుందని తెలిసినా పోలేదు. పంపు దగ్గరే అంగీ విప్పి, పీచు కొమురెల్లి చేతికిచ్చి, వీపు తిప్పి కూర్చున్నాను.