మెరుపు మందు

నా పేరు దూస ఎల్లవ్వ. వయసు డెబ్బై దాటింది. డిండోలి బస్తీలో కోడలితో ఉంటాను. మీ సొసైటీలో ఆరేళ్లుగా కార్లు కడుగుతున్నాను.

సెక్రటరీ గారూ, అక్కడుండే సేఠ్ కారు రంగు ఊడింది నా గోళ్లు గీరుకుని కాదు, కారు తళతళలాడాలని ఆయన తెచ్చిన మెరుపు మందుతో.

"ఉత్త నీళ్లు సాలు సేటూ, గిది జర ఘాటుగుంది" అన్నాను.

"నీకేం తెలుసు మాసీ, ఫారిన్ మాల్!"

"ఫారిన్ల కార్లకు తోలుండదా ఏంది?"

నెల రోజులు ఒట్టి చేతులతో రుద్దించాడు. ఇప్పుడు కారు గజ్జికుక్కలా ఉంది, నా పని పోయింది. తప్పు మందుదైతే రుజువు చూపించమంటున్నాడు.

నిశాని: ఎడమ బొటనవేలు. సిరా మూడుసార్లు పూశారు. నున్నటి మచ్చే పడింది, ఒక్క గీతా లేదు. మిగతా తొమ్మిది వేళ్లూ అంతే.

చూసిన సాక్షులు: వాచ్‌మన్ పరుశురాం, పక్కింటి జమున.