మూడంగుళాల మందం

సుక్కమ్మ పోయింది ఏప్రిల్ ఇరవై రెండున, మిట్టమధ్యాహ్నం, తన ఇంట్లో, తన మంచం మీద. వడదెబ్బ అన్నాడు డాక్టరు. రేకుల ఇల్లే ఆమె ప్రాణం తీసిందన్నాడు భర్త కుర్మయ్య. శామీర్‌పేట చుట్టుపక్కల ఉన్న చుట్టాలందరికీ ఆ మాటే చేరింది. దినాలు అయిన మర్నాడే, రేకుల కింద థర్మోకోల్ వేయించాలని అల్వాల్ నుంచి ఫరీద్‌ను పిలిపించాడు.

ఫరీద్ కోళ్లఫారాలకూ రేకుల ఇళ్లకూ సీలింగు వేస్తాడు. ఎంత మందం కావాలో నిలబడి చూసి చెప్పే అలవాటు అతనికి లేదు. ఒక మధ్యాహ్నమంతా ఆ కప్పు కింద కూర్చుంటాడు. రేకుకు జానెడు కింద కాసేపు, మంచం ఎత్తులో కాసేపు థర్మామీటరు వేలాడదీసి, గంటగంటకూ చూసుకుంటాడు. ఆ తర్వాతే లెక్క చెబుతాడు.

ఆ రోజూ పన్నెండింటికి వచ్చి కూర్చున్నాడు. కొడుకూ కోడలూ మేడ్చల్‌లో కంపెనీ పనికి పోయారు. ఇంట్లో కుర్మయ్య, మొన్ననే ఏడో తరగతి పరీక్షలు రాసిన మనవరాలు పూజ ఉన్నారు. మూడు కావస్తుంటే ఫరీద్‌కు అనుమానం వచ్చింది. వాకిట్లో గాలి మొహాన్ని మాడుస్తోంది. లోపల అతనికి చెమట కూడా పట్టలేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశాడు. రేకులు కనబడలేదు. మూరెడు మందాన వరిగడ్డి పరిచి ఉంది. దాని మీద ఆనపతీగ అల్లుకుని ఉంది. ఎవరు వేశారని అడిగితే, అంతా అవ్వే వేసిందనీ, పొద్దునా సాయంత్రం ఎక్కి నీళ్లు చల్లేదనీ పూజ చెప్పింది.

అతను దిగివచ్చి కుర్మయ్య ఎదురుగా కూర్చున్నాడు.

"కాకా, గీ ఇంటికి థర్మోకోల్ అక్కెర లేదు. సుక్కమ్మ చిన్నమ్మ ఎప్పుడో సల్లగ జేసి పెట్టింది."

కుర్మయ్య మొహం బిగుసుకుంది. "కోళ్లకైతే రెండంగుళాలు ఏస్తవు. మనుషులకు అక్కెర లేదంటవా? మూడంగుళాలు రాయి."

ఫరీద్ నెమ్మదిగానే చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడు. అక్కర లేనిచోట అరంగుళం కూడా రాయలేదు. ఈ కప్పు కింద పడుకున్న మనిషికి వడదెబ్బ తగలడం అతను నమ్మలేడు. ఆమె ఆ రోజు ఎక్కడికైనా పోయి వచ్చిందేమో, ఒకసారి ఆలోచించుకోమన్నాడు.

గుమ్మంలో ఉన్న పూజ గోడ వైపు తిరిగింది.

కుర్మయ్య లేచి, ఫరీద్ చెయ్యి పట్టుకుని వాకిలి దాటించి, రోడ్డు దాకా తీసుకుపోయాడు. అక్కడ నీడ లేదు.

"నాకెర్కనే, ఫరీద్. పిల్లను తోల్కొద్దామని బడికి పోయింది. రెండు కిలోమీటర్లు. పరీక్ష ముంగటనే అయిపోయి, పిల్ల ఎల్లిపోయింది. ఖాళీ బడి చూసి మల్ల నడిచే వచ్చింది. పిల్లకని పట్కపోయిన నీళ్ల సీస మంచం పక్కన నిండుగనే ఉండె."

బడిలో అటెండరు బాలనర్సయ్య తనకీ సంగతి చెప్పాడన్నాడు. ఇంకెవరికీ చెప్పనని అతనితో ఒట్టు వేయించుకున్నాడట. కొడుక్కి కూడా తెలియదు. నీళ్ల సీసాను తనే తీసి దాచాడు.

"తనకోసం పోయి అవ్వ సచ్చిపోయిందని పిల్లకు తెలిస్తే ఎట్ల? నింద ఇంటి మీద ఉండనీ. ఇల్లు మోస్తది. పన్నెండేండ్ల పిల్ల మోస్తదా?"

ఫరీద్ లోపలికి వచ్చాడు. థర్మామీటరును మళ్లీ ఒకసారి చూసినట్టు చూసి, పూజకు వినబడేలా, తన లెక్క తప్పిందన్నాడు. ఈ రేకులు మస్తు వేడి దించుతున్నాయని, మూడంగుళాలకు తగ్గితే లాభం లేదని అన్నాడు. ఆ మాటలు అతని నోటికి కొత్త. కుర్మయ్య వాకిట్లోనే కూర్చుండిపోయాడు.

ఫరీద్ టేపు తీశాడు. రెండో కొస పట్టుకోమంటే పూజ వచ్చి పట్టుకుంది. పెద్ద గది పొడవు అయింది. వెడల్పు కొలుస్తుండగా ఆమె బయటికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"చిచ్చా, రేకులే అని చెప్పినవు గద. గట్లనే ఉండనీ. తాత గదే అనుకుంటుండు."

ఫరీద్ తలెత్తాడు.

"ఆ దినం నేను దోస్తుల ఆటోల ఆళ్లింటికి పోతుంటె, అవ్వ ఎదురుంగ నడుచుకుంట వస్తాంది. నన్ను చూడలే. నేను చూసిన. ఆళ్లు నవ్వుతరని ఆటో ఆపమనలే. తాతకు చెప్పకు."

టేపు ఇద్దరి మధ్యా అలాగే ఉంది. వంటింటి కొలత ఇంకా తీయలేదు.