లోపల ఎంతమంది

నిరుడు ఒక కూలీ లోపలుండగానే తాళం పడింది. అందుకే కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఈ పరికరం చేయించుకున్నారు. మామూలు టాబ్లెట్‌లో ఉన్నవన్నీ టెక్నీషియన్ పీకేసి, తలుపు దాటి వెళ్లేవాళ్లనూ వచ్చేవాళ్లనూ లెక్కపెట్టే పని ఒక్కటే ఉంచింది.

"అందరూ వెళ్లిపోయారమ్మా. తాళం వేసేయనా?" అన్నాడు వాచ్‌మన్.

తెర మీద "లోపల: 1" అని ఉంది.

"ఆగు బాబాయ్," అంటూ టెక్నీషియన్ దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసింది. అదే అంకె.

ఇద్దరూ టార్చి పట్టుకుని లోపలికెళ్లి, ప్రతి పెట్టె వెనకా వెతికారు. ఎవరూ లేరు. వణుకుతూ బయటికొచ్చి తలుపు మూశారు.

"లోపల: 3".

వాచ్‌మన్ అరచేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు. నడి ఎండాకాలమైనా ఎంతసేపటికీ చలి తగ్గడం లేదు.

"అమ్మా, మనం బయటికొచ్చేశాం కదా?"

"వచ్చేశాం బాబాయ్," అంది. మాటతోపాటు ఆమె నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది.