ఒలింపిక్స్‌కి ఒక్క పేరు

మూడోసారి కూడా సార్జెంట్ ఫలేటాగారే గెలిచారు.

ఆయనకి నలభై ఆరేళ్లు. బెల్టు మీదికి జారిన పొట్ట. వంద మీటర్లు పదిహేడు సెకన్లలో పూర్తిచేసి, రన్‌వే పక్కన గడ్డిలో కూలబడి కొబ్బరి నీళ్లు అడిగారు. ఆయన వెనక ఒక్క అడుగు దూరంలో బడిపంతులు ఇయోపు వచ్చాడు. పంతులు వెనక ఒక్క అడుగు దూరంలో మలేకో వచ్చాడు.

సెఫినా చేతిలోని స్టాప్‌వాచీ చూసుకుని నుదురు కొట్టుకుంది. ఆమె మోటులోవా జాతీయ ఒలింపిక్ కమిటీకి కార్యదర్శి. ఆక్లండ్‌లో పుట్టి పెరిగి, ఆరు నెలల క్రితమే తాతల నాటి దీవికి వచ్చింది. ఇంగ్లిషులో ఉత్తరాలు చకచకా రాస్తుందని పెద్దలంతా కలిసి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. విమానాశ్రయం వెనక ఒక గది, ఒక కంప్యూటర్, ఒక జెండా. కమిటీ అంటే అంతే.

దేశం మొత్తానికి పరుగులో ఒక్కడికే చోటు. శుక్రవారం లోగా పేరు పంపకపోతే అదీ పోతుంది. ఎవరు వెళ్తారో తేలకముందే కమిటీ అధ్యక్షుడి భార్య పూల చొక్కా కుట్టేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. ఇప్పటిదాకా ఈ దీవి నుంచి వెళ్లినవాళ్లలో ఒక్కరూ మొదటి పరుగు దాటి రెండోదానికి చేరలేదు. ఈసారైనా ఒకడు చేరాలని సెఫినా మొక్కని రోజు లేదు.

ఆ ఒకడు మలేకోయే అని ఆమె నమ్మకం. కిందటి నెల విమానం దిగే వేళకి ఓ పంది రన్‌వే మీదికి వచ్చింది. సైరన్ మోగింది. ఇరవై ఏళ్ల మలేకో దాని వెంటపడి, చెవి దొరకబుచ్చుకుని, పక్కకి ఈడ్చేశాడు. ఆ పందిని అంతకుముందు ఎవరూ ముట్టుకోనైనా ముట్టుకోలేకపోయారు.

అలాంటివాడు పోటీలో మాత్రం పొట్ట సార్జెంటు వెనక తేలుతున్నాడు. కొత్త బూట్లు ఇప్పించింది. వారం రోజులు చేపా దుంపా దగ్గరుండి తినిపించింది. లాభం లేదు. రెండో పోటీలో సార్జెంటుగారి మోకాలు పట్టేసి ఇరవై రెండు సెకన్లు పట్టింది. చిత్రమేమిటంటే, ఆ రోజు మిగతా ఇద్దరికీ కూడా అంతే పట్టింది.

పిలిచి అడిగితే మలేకో కాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీశాడు.

"అక్కడ నా వల్ల కాదక్కా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాణ్ని ఒంటరిగా పరిగెత్తించింది. పదిన్నర సెకన్లు. వాచీ చెడిందేమోనని దులిపి మళ్లీ పరిగెత్తించింది. మళ్లీ పదిన్నరే.

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. కుర్రాడికి జనమంటే బెరుకు! పదిమంది చూస్తుంటే కాళ్లు ఆడటం లేదు. రోగం దొరికాక మందు ఎంతసేపు? గురువారం బడికి సెలవు ఇప్పించి, దీవి జనాన్నంతా రన్‌వేకి అటూ ఇటూ నిలబెట్టింది. పిల్లలు ఈలలు వేశారు. ఆడవాళ్లు డబ్బాలు వాయించారు. చర్చి బృందం పాట ఎత్తుకుంది. ఆ గోల మధ్య మలేకో ఒక్కడే పరిగెత్తాడు. ఇంకా తొందరగా వచ్చేశాడు.

శుక్రవారం అతని పేరు వెళ్లింది. ఓడినవాణ్ని పంపుతున్నారేమని ఒక్కరూ గొడవ పడలేదు. పైగా సార్జెంటుగారే వచ్చి, దీవిలో మలేకో అంత వేగం ఇంకెవరికీ లేదని మెచ్చుకున్నారు. సెఫినాకి ఒళ్లు మండింది. ఆ ముక్క మూడు పోటీలకి ముందు చెప్పొచ్చుగా అంది.

"నువ్వు అడగలేదుగా అమ్మాయ్," అన్నారాయన.

అధ్యక్షుడు కిలిఫిగారు డెబ్బై ఏళ్ల పెద్దమనిషి. మలేకోని వెంటబెట్టుకుని మూడు విమానాలు మారి వెళ్లారు. పరుగు ముందు రోజు ఫోన్ చేసి, కుర్రాడు భలే కలిసిపోయాడని చెప్పారు. తనతో పరిగెత్తబోయే ఏడుగురినీ వెతికి పట్టుకుని, పేరూ ఊరూ వయసూ కనుక్కుని, చేతులు కలిపి వచ్చాడట. సెఫినా మనసు కుదుటపడింది. బెరుకు పూర్తిగా పోయిందన్నమాట.

పరుగు రోజు దీవి అంతా చర్చి హాల్లో టీవీ ముందు చేరింది. తుపాకీ పేలింది. మలేకో అందరితో పాటే లేచాడు. ఇరవై మీటర్ల దగ్గర అటూ ఇటూ చూశాడు. అంతే, జోరు తగ్గింది. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురూ ముందుకి వెళ్లిపోయారు. ఏడోవాడికి ఒక్క అడుగు వెనక, కాస్త తల వంచుకుని, ఎనిమిదోవాడిగా గీత దాటాడు. చెమట కూడా పట్టలేదు.

సెఫినాకి దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నాళ్ల కష్టం కళ్ల ముందే బూడిదలో పోసిన పన్నీరయింది. ఆమె వెనక మాత్రం హాలంతా చప్పట్లు మోగాయి. ముసలమ్మలు లేచి నిలబడి మరీ కొట్టారు. వీళ్లకేమైనా మతి పోయిందా అనుకుంది.

ఫోన్ మోగింది. అవతల కిలిఫిగారు, పట్టలేని సంతోషంతో ఉన్నారు.

"చూశావా తల్లీ, దేశం పరువు నిలబెట్టాడు మనవాడు."

"ఆఖరున వచ్చాడు తాతయ్యా," అంది సెఫినా ఏడుపు దిగమింగుతూ.

"మరి ఆ ఏడుగురూ వాడికంటే పెద్దవాళ్లు కదమ్మా, పెద్దల్ని దాటుకుని ముందుకి వెళ్లడానికి మన మలేకో ఏమన్నా పెంపకం లేని పిల్లాడా?"